నేను పైకి చదివిన పేరు

ఆసుపత్రిలో పనిచేశానని చెప్పగానే మా వీధిలోవాళ్లు బీపీ చూడమని చెయ్యి చాపుతారు. నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. విశాఖపట్నం పాత ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు రికార్డు రూము చూసుకున్నాను. నా పేరు సత్యవతి. ఆసుపత్రి పేరు రాయను. ఆ మూల నుంచి ఈ మూలకి ఇనప బీరువాలు, వాటి నిండా జనం రోగాలు. కాగితాలు సర్దడం, అడిగినప్పుడు వెతికి తియ్యడం, అడగకూడనివాళ్లు అడిగితే ఇవ్వకపోవడం. నా ఉద్యోగం ఇంతే. మొదటి రెండూ ఎవరైనా ఆర్నెల్లలో నేర్చుకుంటారు. మూడోది నేర్చుకున్నాననుకుంటూనే నేను ముప్పై ఏళ్లు గడిపేశాను.

ఈ మధ్య మా అపార్టుమెంటులో ఒకమ్మాయికి అచ్చం ఇదే పని దొరికింది. ఇప్పుడు దాని పేరు మారింది, ‘డేటా’ అనే మాట వచ్చి చేరింది, జీతం కూడా మా రోజుల కంటే నయమట. "ఏముంటుందాంటీ అందులో, బోర్ కొడుతుందా?" అని అడిగింది. కొట్టదమ్మా, అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పిల్లకీ, అలాంటివాళ్లకీ ఒక సంగతి రాసి ఇవ్వాలనిపించింది. ప్రమోషన్ల గురించీ, ఆడిట్ల గురించీ ఇందులో ఉండదు. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి ఉంటుంది.

జీలకర్ర పొట్లం

ముందుగా, లీకులన్నీ ఇంటర్నెట్ వచ్చాకే పుట్టాయనుకోకండి. నేను చేరిన కొత్తలో పాత కేసు షీట్లు పేరుకుపోతే చిత్తుకాగితాలవాడికి తూకానికి వేసేసేవాళ్లం. చింపాలన్న ఆలోచన మొదట్లో ఎవరికీ రాలేదు. నాకూ ఆలస్యంగానే వచ్చింది.

ఒకరోజు మా సర్జన్ గారు నన్ను పిలిపించారు. ఆయన గొంతు పెద్దది. ఆపరేషన్ థియేటర్లో కసిరితే గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడేవాడు. అలాంటి మనిషి ఆ రోజు చాలా నెమ్మదిగా, తలుపు మూసి మరీ మాట్లాడారు. టేబుల్ మీద ఒక కాగితం పెట్టారు. మడతలు పడి ఉంది. జీలకర్ర వాసన వేస్తోంది.

"సత్యవతీ, ఇదేమిటి?"

చూశాను. మా ఆసుపత్రి కేసు షీటే. పేషెంటు పేరు దగ్గర ఆయన పేరే ఉంది. రోగం దగ్గర మొలలు అని ఉంది. ఆరేళ్ల కిందట ఆయనకు ఆయన స్నేహితుడు గుట్టుగా ఆపరేషన్ చేశాడట. పని మనిషి పూర్ణా మార్కెట్‌కి వెళ్లి జీలకర్ర కొనుక్కొస్తే, కొట్టువాడు ఈ కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. డాక్టర్ గారి భార్య డబ్బాలో జీలకర్ర పోసి, అలవాటు కొద్దీ కాగితం చదివింది.

"ఆవిడకి తెలియదా సార్?" అని అడిగాను.

"రాజమండ్రిలో కాన్ఫరెన్స్ అని చెప్పాను," అన్నారు.

ఆ మర్నాడే మా రికార్డు రూముకి కాగితాలు ముక్కలు చేసే యంత్రం వచ్చింది. అంతకు ముందు నాలుగేళ్లు నేను రాసిన ఉత్తరాలకి రాలేదు. పైవాళ్లకి తమ దాకా వస్తే గానీ గోప్యత అనే మాట అర్థం కాదని నాకప్పుడు తెలిసింది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

ఒక వరస కిందకి

ఇక అసలు సంగతి. నా ఉద్యోగం చివరి రోజులవి. ఢిల్లీలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. దాని నియమాలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. మా ఆసుపత్రి మేనేజరు మూర్తి గారు. మంచి మనిషే. ఏ పనైనా వేగంగా అయిపోవాలంటారు. ఆ వేగంతోనే లాబ్ రిపోర్టుల కోసం పేషెంట్లు కౌంటర్ దగ్గర నిలబడకూడదనీ, ఫోన్‌కే లింకు వెళ్లాలనీ కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. దాన్ని చూసుకోవడానికి కిరణ్ అని కంప్యూటర్ల అతన్ని కాంట్రాక్టు మీద పెట్టారు.

లింకులు వెళ్లడం మొదలైన మూడో రోజు నా బల్ల ముందుకి ఒకావిడ వచ్చి నిలబడింది. నడికట్టు బిగించిన చీర, చేతిలో ఫోను, కళ్లలో నీళ్లు, గొంతులో మాత్రం కోపం. పేరు నూకరత్నం. జాలరిపేట మనిషి. హార్బర్‌లో చేపలు కొని పూర్ణా మార్కెట్ దగ్గర అమ్ముతుంది. రెండు రోజుల కిందట షుగర్ పరీక్షకి రక్తం ఇచ్చి వెళ్లింది.

"ఏటి మేడమ్, నాను సుగర్‌కి రగతం ఇస్తే మీరు నాకు పోస్టేట్ పెట్టేసినారేటి?"

"ఏమిటి పెట్టాం?"

"పోస్టేట్. ఉల్లిపాయల కొట్టు బాబు సదివి సెప్పినాడు. ఎర్ర అచ్చరాల్తో ఉందంట. శానా ఎక్కువుందంట. దానికి ఆపరేషనే దిక్కంట. నాకు ముగ్గురు పిల్లలు మేడమ్. ఒగ్గేసి ఎలా సచ్చిపోతాను?"

నాకు నవ్వు ఆగలేదు. ప్రోస్టేట్ అనేది మగవాళ్లకే ఉండే గ్రంథి అనీ, ఆవిడకి అది రావడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదనీ చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మరి నా ఫోన్లోకి ఏలొచ్చినాది?" అంది.

ఫోన్ తీసుకుని చూశాను. ముప్పై ఏళ్లు ఎవరి కాగితం ఎవరికీ చూపించని మనిషిని నేను. తాళం చెవి కొంగుకి కట్టుకుని తిరిగిన మనిషిని. అలాంటి నేను, ఆవిడ భయం పోగొట్టాలన్న తొందరలో, తెర మీద ఉన్నదాన్ని వార్తలు చదివినట్టు పైకి చదివేశాను.

"ఇది మీది కాదమ్మా. ఎర్రయ్య అట. యాభై ఎనిమిదేళ్లు. జాలరిపేట. పాపం, ఎక్కువే వచ్చింది ఆయనకి."

నూకరత్నం నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఎర్రయ్యా? మా బావా?"

తన భర్తకి స్వయానా అన్న. బోటు డ్రైవరు. మొన్న సింహాచలం వెళ్తున్నానని ఇంట్లో చెప్పి బయల్దేరాడట.

"ఓలమ్మో, మా బావకి కేన్సరా!" అంటూ ఆవిడ గిర్రున తిరిగింది. నేను ఆ మాట అనలేదని, ఆ పరీక్ష ఎక్కువ వచ్చినంత మాత్రాన అది కాదని వెనకాలే పరుగెత్తుతూ చెప్పాను. నా మాట వినడానికి ఆవిడ అక్కడ లేదు. తన షుగర్ రిపోర్టు కూడా అడగకుండా గేటు దగ్గర ఆటో ఎక్కేసింది.

తర్వాత కిరణ్ కూర్చుని వెతికితే తెలిసింది. సాఫ్ట్‌వేర్ పనిచేస్తోందో లేదో చూడడానికి అతను జాబితా పైన ‘టెస్ట్ పేషెంట్’ అని ఒక ఉత్తుత్తి మనిషిని పెట్టాడు. తర్వాత ఆ ఉత్తుత్తి మనిషిని రిపోర్టుల జాబితాలోంచి తీసేశాడు గానీ ఫోన్ నంబర్ల జాబితాలోంచి తియ్యడం మరచిపోయాడు. దాంతో నంబర్లన్నీ ఒక వరస కిందకి జరిగాయి. ఆ మూడు రోజులూ ప్రతివాళ్ల రిపోర్టూ క్యూలో తమ ముందు నిలబడినవాళ్ల ఫోన్‌కి వెళ్లింది. నూట డెబ్బై రెండు మంది.

నూకరత్నం వెనకే ఎర్రయ్య గారు ఎందుకు నిలబడ్డారో తర్వాత ఆయనే చెప్పారు. మరదలు క్యూలో కనబడగానే తువ్వాలు తలకి చుట్టుకుని స్తంభం చాటుకి వెళ్లారట. ఆవిడ అయిపోయిందని చూసుకుని గబగబా వచ్చి తర్వాతి టోకెన్ తీసుకున్నారట. ఆయన దాక్కోకపోతే ఆ రిపోర్టు ఇంకెవరికో వెళ్లేది.

మూర్తి గారి గ్రూపు

మర్నాడు పొద్దున్నే మీటింగు. మూర్తి గారు, కిరణ్, ఆసుపత్రి లాయరు గారు, నేను.

"సాఫ్ట్‌వేర్ సరిచేశాం. పాత లింకులు ఆపేశాం. ఇంక ఎవరికీ చెప్పక్కర్లేదు," అన్నారు మూర్తి గారు. "నూట డెబ్బై మందికి మనంతట మనమే ఫోన్ చేసి, అయ్యా మీ పరువు మేమే తీశాం అని చెప్పుకోవాలా?"

లాయరు గారు ముక్కు మీద కళ్లజోడు సర్దుకుని చెప్పారు. కొత్త చట్టం అడిగేది సరిగ్గా అదేనట. ఎవరి వివరాలు బయటకు పొక్కాయో వాళ్లలో ప్రతి ఒక్కరికీ, వాళ్లకి అర్థమయ్యే మాటల్లో, ఏం జరిగిందో, దానివల్ల ఏం కావచ్చో, వాళ్లేం చేసుకోవాలో, ఎవర్ని అడగాలో చెప్పాలి. ప్రభుత్వం పెట్టే డేటా రక్షణ బోర్డుకి కూడా తెలియజేయాలి.

"అది ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదు కదా," అన్నారు మూర్తి గారు.

"రాలేదు గానీ, వచ్చేదాకా దాచుకోమని కూడా ఎవరూ చెప్పలేదు సార్," అన్నాను. నిన్న నా నోరు చేసిన పని అప్పటికి ఎవరికీ చెప్పలేదు. నీతులు చెబుతూనే నా సంగతి దాస్తున్నాను. ఆ మాట రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

మూర్తి గారు కాసేపు ఆలోచించి, "అయితే సరే. అందరికీ ఒక్క నిమిషంలో చెప్పేద్దాం," అన్నారు. మేం టీ తాగి వచ్చేసరికి చెప్పేశారు కూడా.

ఎలాగంటే, నూట డెబ్బై రెండు మందినీ చేర్చి వాట్సాప్ గ్రూపు పెట్టారు. గ్రూపు పేరు ‘రిపోర్టులు మారినవారు’.

ఇప్పుడు ప్రతివాళ్లకీ మిగతా అందరి నంబర్లూ, కొందరి ఫోటోలూ కనబడుతున్నాయి. ఎవరెవరు మా దగ్గర పరీక్షలు చేయించుకున్నారో విశాఖపట్నానికి మేమే చాటాం. లాయరు గారు ఫోన్ చూసి కుర్చీలో కూర్చోబోయి పక్కనున్న స్టూల్ మీద కూర్చున్నారు.

గ్రూపులో మొదటి సమాధానం గులాబీలతో ‘శుభోదయం’. రెండోది కూడా అదే. ఒక రిటైర్డ్ మాస్టారు మా క్షమాపణలో మూడు అక్షర దోషాలు చూపించారు. ఒకాయన ఆనందపురం దగ్గర స్థలాలున్నాయి, కావలసినవాళ్లు సంప్రదించండి అని పెట్టాడు. ఇంకొకావిడ, "నా దగ్గర ఎవరిదో థైరాయిడ్ ఉంది. నాది గర్భం. ఎవరి దగ్గరుందో దయచేసి పంపండి," అని రాసింది. దానికి ఒకతను, "నా దగ్గరుందక్కా, కంగ్రాట్స్," అని రిపోర్టు ఫోటోతో సహా గ్రూపులోనే పెట్టాడు. వెంటనే పద్దెనిమిది మంది పూలగుత్తులు పంపారు. వాళ్లలో ఒకరు ఆవిడ ఆడపడుచు. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదట.

గ్రూపు నలభై నిమిషాలు బతికింది. మూర్తి గారు మొహం పాలిపోయి నా బల్ల దగ్గరకొచ్చి, "సత్యవతి గారూ, మీరు ఒక్కొక్కరికీ ఫోన్ చేసెయ్యండి," అన్నారు. ఆయన మీద కోపం రావాలి. కానీ నిన్న నేను ఒకే ఒక్క మనిషితో చేసిందీ అదే పని కదా. అప్పుడు నా తప్పు కూడా చెప్పాను. ఆయన తల పట్టుకుని, "మనిద్దరం ఒకే బడిలో చదివినట్టున్నాం," అన్నారు.

ఓటీపీ అడగని మోసగత్తె

ఫోన్లు చెయ్యడమంటే సులువనుకున్నాను. మోసం చేసేవాళ్ల ఫోన్లకి అలవాటు పడ్డ ఊళ్లో నిజం చెప్పడానికి ఫోన్ చెయ్యడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"అమ్మా, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. మీ వివరాలు పొరపాటున వేరేవాళ్లకి వెళ్లాయి."

"అయితే ఇప్పుడు ఓటీపీ సెప్పమంతావా?"

"వద్దమ్మా. ఓటీపీ ఎవరికీ చెప్పకండి."

"మరి ఆధారు అడుగుతావేటి?"

"అదీ వద్దు."

"ఏటీ వద్దంటే మరి ఫోనెందుకు సేసినావు? కొత్త రకం మోసంలా ఉంది," అని పెట్టేశారు.

ఇలాంటివి ఎన్నో. ఒక పెద్దాయన, ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు, నాకు ఇరవై నిమిషాలు బుద్ధి చెప్పారు. "ఈ వయసులో ఈ పనులేంటమ్మా, నీ గొంతు వింటే మంచి కుటుంబం నుంచి వచ్చినట్టే ఉంది," అన్నారు. అంతటితో వదలక నా నంబరు పోలీసులకిచ్చారు. సాయంత్రం స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. అంతా చెప్పాక నమ్మాడు. నమ్మి, గొంతు తగ్గించి, "మేడమ్, ఆ లిస్టులో మా మావయ్య ఉన్నాడేటి? ఈ మద్దిన మందులు మింగతన్నాడు, అడిగితే సెప్పడం నేదు," అన్నాడు.

"ఉన్నదీ లేనిదీ చెప్పను బాబూ," అన్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మాట నిజంగా అర్థమై అన్నది అదే మొదటిసారి.

ఎర్రయ్య గారి నంబరుకి రోజుకి పదిసార్లు చేశాను. అందుబాటులో లేదనే వచ్చేది. రక్తం ఇచ్చిన మర్నాడే ఆయన బోటు తీసుకుని వేటకి వెళ్లిపోయారనీ, సముద్రం మీద ఉన్నారనీ నాకు తెలియదు.

ఒడ్డున కొబ్బరిబోండాలు

నాలుగో రోజు బోటు తిరిగొచ్చింది. ఎర్రయ్య గారు జెట్టీ మీద కాలు పెట్టేసరికి యాభై మంది నిలబడి ఉన్నారట. ఎవరైనా పోయారేమో అనుకున్నారట. తీరా చూస్తే అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఒకాయన కొబ్బరిబోండాం పట్టుకుని, ఒకావిడ హార్లిక్స్ సీసా పట్టుకుని, మరదలు నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని.

బోటు యజమాని అప్పారావు ముందుకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఎర్రయ్య బావా, నువ్వింక రెస్టు తీసుకో. బోటు ఏరేవోడికి ఇచ్చినాను," అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఆ మనిషికి తెలిసిన పని బోటు నడపడం ఒక్కటే.

మర్నాడు పొద్దున్న ఆయన నా గదికి వచ్చారు. సన్నటి మనిషి, ఎండకి ఎండిన మొహం, తెల్లటి చొక్కా. నేను లేచి నిలబడ్డాను. ఆయన కూర్చోలేదు.

"సత్యవతి మేడమంటే నువ్వేనా?"

"నేనేనండి."

"నాను సచ్చిపోతన్నానని ఊరందరికీ తెలిసిపోనాది. నాకే తెల్దు. నా రిపోర్టు నాకింకా ఒచ్చినాదే కాదు. నాకన్నా ముందు నా మరదలికి తెలిసింది. సముద్రం మీద నానుంటే ఒడ్డున నన్నేడ్చేసినారు. నా పెళ్లాం మూడు దినాలై పొయ్యి ముట్టించనేదు."

నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. సాఫ్ట్‌వేర్ మీద వెయ్యలేదు. వెయ్యాలని నోటిదాకా వచ్చింది. కానీ ఫోన్‌లో ఉన్న అక్షరాలు నూకరత్నం చదవలేదు, ఉల్లిపాయల కొట్టతను పేరు చూడలేదు. పేరు చదివింది నేను. ఆ మాటే చెప్పాను.

ఆయన అంతా విన్నారు. తర్వాత, "మొగోడికి ఇలాటి జబ్బని ఇంట్లోనే సెప్పుకోలేక తువ్వాల సుట్టుకుని ఒచ్చినాను మేడమ్. ఇప్పుడు సేపల ఏలం పాటలో కూడా ఇదే మాట," అన్నారు. నేను తలెత్తలేకపోయాను.

యూరాలజీ డాక్టరు గారి దగ్గరకి నేనే తీసుకెళ్లాను. ఆ అంకె ఎక్కువ ఉండడానికి చాలా కారణాలుంటాయనీ, ఇంకో పరీక్ష చేస్తే గానీ ఏదీ చెప్పలేమనీ ఆయన వివరించారు. బయటికొచ్చాక, "పరీక్ష ఫలితం రానివ్వండి. మంచిదైతే నేనే వచ్చి మీవాళ్లందరికీ చెబుతాను," అన్నాను.

ఎర్రయ్య గారు ఆగి నన్ను చూశారు.

"మల్లీ నా రిపోర్టు నువ్వే సదువుతావేటి?"

చేతిలో ఉన్న ఆయన ఫైలు ఆయనకే ఇచ్చేశాను.

"మంచిదొచ్చినా సెడ్డదొచ్చినా అది నాది. నువ్వు సెప్పాల్సింది నా జబ్బు గురించి కాదు. నువ్వు సేసింది సెప్పు. ఆదివారం పేటకొచ్చి, ఆలందరి ముందరా, ఏ నోటితో సదివినావో ఆ నోటితోనే సెప్పు. నాకింకేటీ ఒద్దు."

చట్టం గురించి లాయర్లూ అధికారులూ మాట్లాడగా చాలా విన్నాను. చదువు లేని ఆ బోటు డ్రైవరు రెండు నిమిషాల్లో చెప్పినంత తేటగా ఎవరూ చెప్పలేదు. సమాచారం మంచిదైనా కాకపోయినా అది ఎవరిదో వాళ్లదే. అది పంచే హక్కు, సంతోషంతో పంచే హక్కు కూడా, నాకు లేదు.

ఆదివారం

వెళ్లొద్దన్నారు మూర్తి గారు. ఆసుపత్రి తరఫున బహిరంగంగా తప్పు ఒప్పుకోకూడదన్నారు. ఆసుపత్రి తరఫున కాదు, నా తరఫున వెళ్తున్నానన్నాను.

ఈలోగా నా ఫోన్ల జాబితాలో ఇంకా ఎత్తని నంబర్లు ఏడు మిగిలాయి. శనివారం ఒకాయన ఎత్తాడు. మామూలుగానే తిట్టాడు, ఓటీపీ చెప్పనన్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఉన్నట్టుండి చాలా చిన్న గొంతుతో, "నాది కూడానా? ఎవులికెల్లింది మేడమ్? మా పేటోలు ఎవులైనా సూసినారేటి?" అన్నాడు. ఎవరికి వెళ్లిందో చెప్పలేననీ, వెళ్లిన లింకు తీసేశామనీ చెప్పాను. ఆ మనిషి బోటు యజమాని అప్పారావు. ఈ ముక్క నేను ఎలా రాస్తున్నానని మీరు అడగాలి. ఆయనే తర్వాత ఆ సంగతి టీ కొట్టు దగ్గర పదిమందికీ చెప్పుకున్నాడు, రాసుకోమని నాతోనూ అన్నాడు.

ఆదివారం పొద్దున్న పేటకి వెళ్లాను. వలలు ఆరబెట్టే చోట జనం చేరారు. మధ్యలో కుర్చీ, దాని ముందు మైకు. నేను హడలిపోయాను.

"మైకెందుకండీ?" అన్నాను.

ఎర్రయ్య గారు బోటు అంచు మీద కూర్చుని ఉన్నారు. "నువ్వు తప్పు సేసినప్పుడు మైకు నేకండానే ఇంతదూరం ఒచ్చేసింది. తప్పు ఒప్పుకున్న మాటకి అంత ఊపు ఉండదు కదా మేడమ్, అందుకే పెట్టించినాను," అన్నారు.

జనం నవ్వారు. నేను మైకు పట్టుకున్నాను. అది కీచుమంది. ఆఫీసు తెలుగంతా ఎక్కడికి పోయిందో, పుట్టింటి మాటే వచ్చింది.

"నా పేరు సత్యవతి. మాది ఆనందపురం దగ్గర పల్లె. ఆసుపత్రిలో మీ కాయితాలు దాసే పని నాది. ఎర్రయ్య గారి కాయితం నాను పైకి సదివినాను. సదవకూడదు. ఆయన్ని అడగనేదు, ఆలోచించనేదు. మీరంతా ఏడ్చినారంటే అది నావల్ల. ఆయనకి బోటు పోనాదంటే అదీ నావల్లే. తప్పు నాది."

వెనకనుంచి ఒక ముసలమ్మ, "అదంతా సరేగానీ, ఇంతకీ జబ్బుందా నేదా?" అని అడిగింది.

"అది నాను సెప్పకూడదమ్మా."

"సెప్పకూడదంటే ఉన్నట్టేనా?"

"ఉందనీ సెప్పను, నేదనీ సెప్పను."

"అయితే నేదు," అన్నాడొకడు. "కాదెహె, ఉంది," అన్నాడు ఇంకొకడు. రెండు జట్లయ్యాయి. నేను మైకులో ఎన్నిసార్లు చెప్పకూడదన్నానో లెక్కలేదు. చివరికి ఆ ముసలమ్మే విసుగొచ్చి, "ఈవిడ దగ్గర ఏటీ రాలదు, పదండి," అని లేచింది. నా ఉద్యోగంలో నాకు దొరికిన మెచ్చుకోళ్లలో అదే పెద్దది.

నూకరత్నం వచ్చి బావ ముందు నిలబడింది. "నన్ను కూడా తిట్టు బావా. ఆవిడ ఒక్కసారే సదివింది. నాను ఆటోలోనే నలుగురికి ఫోన్ సేసినాను," అంది. ఎర్రయ్య గారు తిట్టలేదు. "నీ సుగరెంత?" అని అడిగారు. ఆవిడ చెప్పబోయి, చుట్టూ చూసి, ఆయన చెవిలో చెప్పింది.

అప్పారావు అప్పటిదాకా వెనక నిలబడి ఉన్నాడు. జనం పలచబడ్డాక వచ్చి, వల తాడు ఏదో సరిచేస్తున్నట్టు నటిస్తూ, "బావా, మంగళారం వేటకెల్దాం. బోటు నువ్వే తియ్యి," అన్నాడు.

"నాకు జబ్బు కదేటి?"

"ఎవులికి నేదు బావా జబ్బు," అన్నాడు అప్పారావు.

నేను అలా వెళ్లానని తెలిసి మూర్తి గారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పిలిచి, సిబ్బందికి క్లాసు తీసుకోమన్నారు. ఆయన మొదటి వరసలో కూర్చున్నారు. ఆ గ్రూపులో గర్భం సంగతి బయటపడ్డ ఆవిడ ఇంటికి కూడా వెళ్లి క్షమాపణ చెప్పొచ్చారట. ఆవిడ ఇంకా కోపంగానే ఉందట. ఉండాలి కూడా. అన్ని తప్పులూ నా తప్పులాగా సులువుగా తీరవు.

రెండో పరీక్ష ఫలితం వచ్చిన రోజు ఎర్రయ్య గారు, భార్య పోలమ్మ కలిసి వచ్చారు. ఈసారి తువ్వాలు లేదు. కవరు అంటించి, ఆయన చేతికే ఇచ్చి, ఇద్దర్నీ యూరాలజీ డాక్టరు గారి గదిలోకి పంపి, నేను బయటే ఉండిపోయాను. వాళ్లిద్దరూ చాలాసేపు లోపలే ఉన్నారు.

మొన్న ఇదంతా రాసి ఆయనకి చదివి వినిపించడానికి హార్బర్‌కి వెళ్లాను. ఆయన వేట నుంచి అప్పుడే దిగారు. వలల మీద కూర్చుని మొత్తం విన్నారు. పేర్లు మార్చమన్నారు, మార్చాను. తువ్వాలు సంగతి ఉంచమన్నారు. ప్రోస్టేట్ అన్న మాట కూడా ఉండనీ అన్నారు, "నాలాగా దాక్కునే మొగోల్లు ఇంకా ఉంటారు మేడమ్, సదివి సిగ్గొగ్గేస్తారు" అన్నారు. ఆఖర్న నేను కాగితం తిప్పి, "ఆ కవర్లో ఏం వచ్చిందో కూడా రాయమంటారా? చదివేవాళ్లు అడుగుతారు కదా," అన్నాను.

ఆయన వల తాడు చుట్టడం ఆపలేదు.

"అడగనీ," అన్నారు.